కన్నీరు కార్చిన జాడీ

ప్రసన్నసేన మహారాజుకు కత్తియుద్ధం రాదని కాదు. వచ్చు. కానీ కత్తిని ఒరలోంచి తీయడమంటే ఆయనకు మహా బద్ధకం. అందుకే హేమంత రాజ్యం చుట్టూ ఉన్న దుర్గాధిపతుల్లో ఎవరు తోక ఝాడించినా, సేనాపతికి బదులు పురోహితుణ్ణి పంపేవాడు. సైన్యం వెళితే కోట తలుపులు మూస్తారు, పెళ్ళికొడుకు వెళితే దేవదారు తోరణాలు కడతారు అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే ఒక్క రక్తపు చుక్క ఒలకకుండా రాజ్యం సముద్రతీరం దాకా పాకింది. రాజ్యంతో పాటు రాణివాసమూ పాకింది. మొదట అంతఃపురంలో మొదలై, ఉద్యానవనాన్ని మింగి, ఏనుగుల శాలను పక్కకు నెట్టి, చివరికి కొండ అంచున నది మీదికి వంగి నిలబడింది.

ఆ కొండ అంచున, గాలి వాలుకు అన్నిటికన్నా చివర కట్టిన మందిరం శుక్తిమతిది. శంఖతీరం రేవును ఏలే మకరబాహుడి ఏకైక కూతురు. పుట్టినింట్లో పడవ చుక్కాని పట్టి, తుపానులో తెరచాప దించి, తండ్రితో సమానంగా కేకలు వేసి పెరిగిన పిల్ల. అలాంటిదాన్ని తెచ్చి పట్టుపరదాల మధ్య కూర్చోబెట్టి, ఇక నువ్వు రాణివి, కదలకు అన్నారు. మందిరం అంత దూరాన ఎందుకు కట్టారంటే, దానికి కారణం చేప.

చేప సంగతి చెప్పాలంటే ముందు ఉప్పుముద్ద పండుగ సంగతి చెప్పాలి.

మంచు కరిగి కొత్త సంవత్సరం వచ్చిన మొదటి రోజున, హేమంత రాజ్యంలో ప్రతి రాణీ తన పుట్టినూరి ఉప్పుతో, తన పుట్టినూరి వంటకం ఒకటి స్వహస్తాలతో వండాలి. నిండు కొలువులో, ఆ దుర్గం నుంచి వచ్చిన రాయబారి చూస్తుండగా, మహారాజు ఒక ముద్ద తినాలి. తిన్నాడా, ఆ యేడంతా ఆ కోటతో స్నేహం. పళ్ళెం పక్కకు నెట్టాడా, రాయబారి ఆ పళ్ళేన్ని నేల మీద బోర్లించి గుర్రం ఎక్కుతాడు. ఆ తర్వాత మాట్లాడేవి బల్లాలు. అందుచేత ప్రసన్నసేనుడికి యుద్ధభయం లేదు గానీ, కొత్త సంవత్సరం వస్తోందంటే కడుపులో దేవినట్టుండేది. అశ్వదుర్గం వారు పులిసిన గుర్రపుపాలు పెట్టేవారు. కొండకోట వారు చేదువేళ్ళ జావ పెట్టేవారు. అన్నీ తిని, అందరి వంకా చూసి చిరునవ్వు నవ్వి, ఆయన వారం రోజులు వాముకషాయం మీద బతికేవాడు.

ఇక శంఖతీరం వారి వంటకం మాగబెట్టిన టేకుచేప, అదే బల్లపరుపుగా ఉండి తోకలో ముల్లుండే సముద్రపు చేప. చేపను గడ్డిలో చుట్టి, జాడీలో కుక్కి, మూతికి మైనం పెట్టి చలికాలమంతా నేలలో పాతిపెడతారు. మూత తీసిన రోజున ఊరంతా పండుగ. తెలియనివాళ్ళు మాత్రం గుర్రపుశాల కూలిందేమోనని పరుగెత్తుకొస్తారు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు, ఆ ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కి కళ్ళలోంచి దిగుతుంది. ఏడవకుండా తిన్నవాడు ఈ భూమ్మీద పుట్టలేదని శంఖతీరంలో సామెత.

పెళ్ళయిన తొలి యేడు శుక్తిమతి ఆ పళ్ళెం పట్టుకుని కొలువులోకి వచ్చింది. సభ సభంతా ముక్కులు మూసుకుంది. మహారాజు ముద్ద తీసుకున్నాడు. కళ్ళలోంచి ధార కట్టింది. ముక్కులోంచి కూడా కట్టింది గానీ, రాజుల ముక్కుల గురించి రాయకూడదని కవులకు కట్టుబాటు. ఆయన గుటక వేసి, చెమర్చిన కళ్ళతోనే ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్లా ఏడుస్తోంది, అయితే అది చేప వల్ల కాదు, పుట్టిల్లు గుర్తొచ్చి. ఆచారానికి ఒక్క ముద్ద చాలు. ఆయన మాత్రం ఏమీ అనకుండా రెండో ముద్ద తీసుకున్నాడు.

ఆ రెండో ముద్ద రాజనీతి కాదని శుక్తిమతికి తెలుసు. ఆమె తన మనసు ఇచ్చింది ఆ ముద్దకే. ఆ తర్వాత ఆయన దర్శనం యేడాదికొక్కసారి, పండుగనాడు మాత్రమే. ప్రతి యేడూ ఆయన ఏడ్చేవాడు, ప్రతి యేడూ రెండో ముద్ద తినేవాడు. మిగతా రాణులకు ఆయన నవ్వుముఖం తెలుసు. ఆ ఘాటుకు సభంతా ముఖాలు తిప్పుకుంటే, ఏడుపుముఖాన్ని ఎదురుగా నిలబడి చూసేది శుక్తిమతి ఒక్కతే.

ఈ యేడు పండుగకు కొలువుకూటం కన్నులపండువగా ఉంది. స్తంభస్తంభానికీ పగడపు తోరణాలు, నేల కింద దేవదారు దుంగలు మండుతుంటే పాదాలకు గోరువెచ్చని సుఖం, గాలిలో అగరు, రాయబారుల తలల మీద రంగురంగుల ఈకల టోపీలు. నెల కిందట వేటకు వెళ్ళి మొన్ననే తిరిగి వచ్చిన మహారాజు పులిచర్మపు సింహాసనం మీద వెలిగిపోతున్నాడు. పక్కన పట్టమహిషి రత్నమేఖల, కనుబొమలతోనే సభను నడిపే మనిషి, ఒక్కొక్క పళ్ళేన్నీ రప్పిస్తోంది.

ఆ రోజు మహారాజు తిన్న తిండి చూసి వంటవాళ్ళే విస్తుపోయారు. చేదువేళ్ళ జావ గటగటా తాగాడు. గుర్రపుపాల గిన్నె నాకి పెట్టాడు. అంతకంటే వింత, ప్రతి రాణినీ పేరుపెట్టి పిలిచాడు. "తురగవల్లీ దేవీ, అమోఘం," అన్నాడు. "శైలబాలా దేవీ, మరికాస్త," అన్నాడు. ప్రసన్నసేనుడు ఎన్నడూ ఒక్క రాణినైనా పేరుతో పిలిచి ఎరుగడు. అంతమంది పేర్లలో ఒకటి తప్పినా ఒక కోట పోతుందని, అందరినీ "దేవీ" అనేసి గండం గట్టెక్కేవాడు. తమ పేరు వినగానే రాణుల ముఖాలు దీపాల్లా వెలిగాయి.

శుక్తిమతి వంతు వచ్చింది. ద్వారపాలకులు తలలు తిప్పుకున్నారు. ఆమె పళ్ళెం ముందు పెట్టి, ఎప్పటిలాగే ఆయన కళ్ళలోకి చూసింది.

"శుక్తిమతీ దేవీ," అన్నాడు మహారాజు తేనెలూరుతున్న గొంతుతో. ముద్ద తీసుకున్నాడు. నమిలాడు. మింగాడు. తర్వాత పళ్ళెమంతా ఊడ్చేసి, తాపీగా మీసం తుడుచుకున్నాడు. "భేషుగ్గా ఉంది."

కంట్లో చెమ్మ లేదు. ముక్కు ఎరుపెక్కలేదు. సభ కరతాళ ధ్వనులతో మారుమోగింది. శంఖతీరం రాయబారి ఆనందం పట్టలేక పక్కవాణ్ణి కౌగిలించుకున్నాడు. శుక్తిమతి ఒక్కతే ఖాళీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మందిరానికి రాగానే తలుపు గడియ పెట్టింది. ఆమెతో పాటు శంఖతీరం నుంచి వచ్చిన ముసలిదాది గవ్వమ్మ కాళ్ళు చాపుకుని చేపముళ్ళు ఏరుతోంది.

"ఏటమ్మా అలా నీలుక్కుపోనావు? పళ్ళెం కాళీ అయిపోనాది కదా," అంది గవ్వమ్మ.

"ఆయన ఏడవలేదు."

గవ్వమ్మ చేతిలో ముల్లు జారిపోయింది. "అసలికి?"

"చుక్క కూడా రాలేదు. పైగా పేరుపెట్టి పిలిచాడు."

"ఒలమ్మ ఒలమ్మ," అని గవ్వమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయితే ఆడు మన రాజుబావు కాదు తల్లీ. మాయగాడు మొకం కట్టగలడు, గొంతు కట్టగలడు, నడక కట్టగలడు. కన్నీరు కట్టలేడు. అది లోపల్నించి ఊరాల కదా. రెండు శీతాకాలాల కిందట వొచ్చినాడే, పొగమెడోడు, ఆడే అయ్యుంటాడు."

శుక్తిమతికి గుర్తొచ్చింది. ధూమ్రకంఠుడనే మాంత్రికుడు. మాట్లాడితే గొంతులోంచి నల్లటి పొగ వచ్చేది. నిండు సభకు వచ్చి, తనకో కోట కావాలని అడిగాడు. మహారాజు అలవాటు ప్రకారం, "మీకు పెళ్ళీడు కూతురుందా?" అని మర్యాదగా అడిగాడు. ధూమ్రకంఠుడు ఆజన్మ బ్రహ్మచారి. సభంతా పకపకా నవ్వింది. ఒక కోట కాదు, అన్ని కోటలూ నావే అవుతాయి చూడు అని పొగ కక్కుతూ వెళ్ళిపోయాడు.

మరి అసలు రాజు ఎక్కడ? బతికే ఉన్నాడా? రాజు లేడని తెలిస్తే ఒక్కొక్క కోటా ఒక్కొక్క దారి పడుతుంది. పెళ్ళిళ్ళతో కట్టిన రాజ్యం పెళ్ళిపందిరి కంటే గట్టిదేం కాదు. అదంతా నిజమే గానీ, శుక్తిమతి గుండెల్లో కొట్టుకుంటున్న మాట వేరు. రెండో ముద్ద తిన్న మనిషి ఏమైపోయాడు?

సాయంత్రం రాణులందరూ వెచ్చటి నేల మీద గుండ్రంగా కూర్చుని పైన్ గింజలు నములుతున్న వేళ, ఆమె ధైర్యం చేసి సంగతి బయటపెట్టింది. 

మొదట నోరు విప్పింది తురగవల్లి. అశ్వదుర్గం ఆడపడుచు, గుర్రాన్నీ మనిషినీ ఒకే రకంగా అదిలించే రకం. "ఏం సెల్లీ, ఇప్పుడు నీకొచ్చిన కష్టం ఏంది? ఆయప్ప నీ చేప తిన్న్యాడు. నన్ను పేరుపెట్టి పిలిచినాడు. పెండ్లయిన కాడ్నుంచి ఎప్పుడన్నా పిలిచినాడా? దొంగోడైతే ఐనాడులే, మర్యాద తెలిసిన దొంగోడు."

"అంతేగా మరి," అని గొణిగారు నలుగురైదుగురు.

రత్నమేఖల కనుబొమ ఎత్తింది. గొణుగుడు ఆగిపోయింది. "భర్త ఏడుస్తున్నాడని ఏడ్చేవాళ్ళను చూశాను శుక్తిమతీ. ఏడవడం లేదని ఏడ్చేదానివి నువ్వొక్కతెవే. రేపటి జాడీల ఉత్సవానికి తలంటుకుని రా. వీలైతే రెండుసార్లు అంటుకో. పాత జాడీలను ఈసారి దాసీలు కాదు, రాణులే స్వహస్తాలతో పగలగొట్టాలని ప్రభువుల ఆజ్ఞ."

అది హేమంత రాజ్యపు ఆచారం. పండుగ రెండో రోజున పాత యేటి ఊరగాయ జాడీలను పెరటిగుమ్మం దగ్గర పగలగొడితే దరిద్రం పోతుందని నమ్మకం. ఎప్పుడూ దాసీలు చేసే పని. ఈ యేడు రాణుల చేత ఎందుకు చేయిస్తున్నట్టు? శుక్తిమతి ఆ ప్రశ్నతోనే పడుకుంది, దానితోనే లేచింది.

తెల్లవారగానే జాడీల పెరట్లోకి వెళ్ళింది. రాణివాసంలో అంతకన్నా అందమైన చోటు లేదు. కరిగీ కరగని మంచులో వందలాది జాడీలు మెడదాకా మట్టిలో దిగి, గడ్డిటోపీలు పెట్టుకుని, కొలువుకొచ్చి ఇల్లు మరిచిన సామంతుల్లా కూర్చున్నాయి. ఆవఘాటు, వెల్లుల్లి పులుపు, ఎండిన రొయ్యల ఉప్పదనం ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి పలకరిస్తాయి. పెరటిగుమ్మం దగ్గర మాత్రం పాత జాడీలు, ఖాళీ చేసి కడిగి, కొండవాలు అంచున వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాలు కింద మంచునీటితో పొంగిన నది పరవళ్ళు తొక్కుతోంది.

"ఇన్ని జాడీలెందుకు తల్లీ?" అంది వెనకే వచ్చిన గవ్వమ్మ. "మామూలుగా ఇందులో సగముంటాయి. సేతికందిందల్లా తెచ్చి పెట్టీసినారు."

సేవకులు నిన్ననే వేటబళ్ళ మీద కొన్ని జాడీలు దించారని కాపలావాడు చెప్పాడు. వేటకు వెళ్ళినవాళ్ళు జింకల్ని తెస్తారు గానీ జాడీల్ని తెస్తారా? శుక్తిమతి రెండూ కలిపి చూసుకుంది. భార్యల చేతి దెబ్బ, వేట నుంచి వచ్చిన జాడీ. రాజును దాచింది వీటిలో ఏ జాడీలో?

"గవ్వమ్మా, చేపకుండ పట్రా. మూత తీసి పట్రా."

గవ్వమ్మ తెచ్చింది. శుక్తిమతి కుండను చంకనెత్తుకుని, ప్రతి జాడీ ముందూ ఆగి, చంటిబిడ్డకు పాలు చూపించినట్టు చూపించుకుంటూ వెళ్ళింది. జాడీలు జాడీల్లాగే ఉన్నాయి. కాపలావాడు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ సెలవడిగి పారిపోయాడు. వరస చివరికొచ్చేసరికి ఆమెకు ఆశ సన్నగిల్లింది. చిట్టచివర గోధుమరంగు జాడీ ఒకటి, పొట్ట కాస్త ముందుకు వచ్చి, మూతి చుట్టూ ఎర్రదారం చుట్టి ఉంది. కుండ దగ్గరకు చేర్చగానే మూతి కింద ఒక చెమ్మచుక్క మెరిసింది. చుక్క ధార అయింది. ధార జాడీ పొట్ట మీదుగా కారి మంచులో పడింది. శుక్తిమతి వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

ఎర్రదారం తెంచి మూత కాస్త ఎత్తగానే, లోపల్నుంచి ఎవరో బావిలో తుమ్మినట్టు పెద్ద తుమ్ము వినిపించింది.

"ఎవరది?" అంది లోపలి గొంతు బొంగురుగా. "దేవీ, నువ్వా?"

సంతోషం గొంతు దాకా వచ్చినా శుక్తిమతి ఆపుకుంది. మాయగాడు గొంతు కూడా కట్టగలడు కదా. "ఏ దేవిని?" అని అడిగింది.

"వాసన శంఖతీరానిది. సందేహం లేదు."

"పేరు?"

జాడీ ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. చివరికి చాలా మర్యాదగా, "దేవీ," అంది.

శుక్తిమతి జాడీని రెండు చేతులా వాటేసుకుంది. ఇక అనుమానం లేదు. ఈయనే తన భర్త.

"ప్రభూ, ఇదేం ఖర్మ?"

"వేటలో ఒక ముసలి బైరాగి దాహమని నీళ్ళడిగాడు. ఇచ్చాను. తాగి, మిగిలిన నీళ్ళు నా ముఖాన కొట్టాడు. కళ్ళు తెరిచేసరికి నాకు కాళ్ళూ చేతులూ లేవు, ఒక్క పొట్టే మిగిలింది. వాడు నా రూపం తొడుక్కుని చెవిలో చెప్పాడు. నన్ను నా భార్య తన చేత్తో పగలగొడితే ఈ రూపం వాడికి శాశ్వతమట. ఇంకెవరు పగలగొట్టినా, చివరికి వాడే పగలగొట్టినా, మంత్రం వికటించి నాతో పాటు వాడూ మట్టి అవుతాడట. అందుకే నన్ను పసిపిల్లలా దిండ్ల మధ్య పెట్టి తెచ్చాడు. దేవీ, నన్నెవరూ కొట్టరు కదా?"

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. నగారాలు మోగాయి. పెరటి తలుపులు బార్లా తెరుచుకుని ముందు భటులు, వెనక రాణులు, వాళ్ళ వెనక రాయబారులు, నడుమ గొడుగు కింద మహారాజు రూపంలో ధూమ్రకంఠుడు నడిచి వచ్చారు. జాడీ ఇద్దరు మగవాళ్ళు మోసేంత బరువు. శుక్తిమతి మూత బిగించి, పక్కకు జరిగి, చేతులు కట్టుకు నిలబడింది.

ధూమ్రకంఠుడి చూపు తెగిన ఎర్రదారం మీద పడింది. తర్వాత ఆమె మీద పడింది. చిరునవ్వు చెదరలేదు.

"శుక్తిమతీ దేవీ," అన్నాడు. "నిన్నటి చేప రుచి ఇంకా నాలుక మీదే ఉంది. ఉత్సవం నీ చేత్తోనే మొదలవ్వాలి. ఇదుగో రోకలి. అదుగో, ఆ చివరి జాడీ."

వెండిపొన్నుల రోకలి ఆమె చేతికొచ్చింది. భటులు దారి ఇచ్చారు. కాదంటే రాజాజ్ఞ ధిక్కారం. తల తెగుతుంది, రోకలి మరో రాణి చేతికి వెళుతుంది. అవునంటే ఆ పాపం తన చేతికే చుట్టుకుంటుంది. శుక్తిమతి జాడీ వైపు నాలుగు అడుగులు వేసింది. లోపల్నుంచి సన్నగా, వణుకుతూ, ప్రార్థనేదో వినిపిస్తోంది. దారిలో, మట్టిలో పాతిన జాడీల్లో అన్నిటికన్నా పెద్దది, శంఖతీరం మైనపుముద్ర ఉన్నది, పండుగ పదిరోజులకూ సరిపడా టేకుచేప మాగుతున్నది ఆమెకు కనిపించింది. రాణివాసమంతా ఒట్టు పెట్టుకుని దూరం నడిచే జాడీ అది.

"ప్రభూ, మా శంఖతీరంలో శుభకార్యం దేంతో మొదలుపెడతామంటే," అంటూ ఆమె రోకలిని తెడ్డులా గిరగిరా తిప్పి, తన చేపజాడీ నెత్తిన ఒక్కటిచ్చుకుంది.

ఆ తర్వాత జరిగినదాన్ని హేమంత రాజ్యంలో ఈనాటికీ తలుచుకుని ముక్కు మూసుకుంటారు. చలికాలమంతా నేలలో కుమిలిన ఘాటు ఒక్క పెట్టున బయటపడింది. ముందు నగారా వాయించేవాళ్ళు కూలారు. భటులు బల్లాలు పారేసి కళ్ళు నులుముకున్నారు. రాయబారుల టోపీల ఈకలు వాలిపోయాయి. పల్లకీ మోసే బోయీలు భోరుమన్నారు, గొడుగు పట్టేవాడు గొడుగులో ముఖం దాచుకున్నాడు. రత్నమేఖల కాటుక గడ్డం దాకా కారింది. గుమ్మం బయట కట్టేసిన తురగవల్లి గుర్రం కూడా కన్నీళ్ళు పెట్టుకుంది. శంఖతీరం రాయబారి ఒక్కడే ఆనందబాష్పాలు రాల్చాడు గానీ, అవీ నీళ్ళే.

అంతమంది ఏడుపు మధ్య ఒకే ఒక్కడు పొడికళ్ళతో నిలబడి ఉన్నాడు.

అందరి చూపూ మెల్లగా ఆయన మీదికి తిరిగింది. ధూమ్రకంఠుడు చుట్టూ చూసి, పొరపాటు గ్రహించి, చటుక్కున రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, "అయ్యో, అయ్యయ్యో," అని రాగం తీశాడు. అంతా చూస్తున్నారు. చేతులు తీసి చూశాడు. ఎవరూ నమ్మలేదు. ఉమ్ము తడి కంటికి రాసుకున్నాడు. అది రత్నమేఖల చూసింది.

"నా భర్త," అంది రత్నమేఖల, ముక్కు ఎగబీలుస్తూనే రాజసం వదలకుండా, "పెళ్ళినాటి హోమం పొగకే గంటసేపు ఏడ్చిన మనిషి. నువ్వెవరు?"

"దొంగ నాయాలా," అంది తురగవల్లి. "పేర్లు బట్టీ పట్టి నాకే టోపీ పెడ్తివా?" అని చేతిలోని గుర్రపుకొరడా ఝళిపించింది.

ధూమ్రకంఠుడి మెడలోంచి పొగ సుడులు తిరిగింది. రాజు ముఖం మైనంలా కరిగి జారింది. కిరీటం నేలమీద దొర్లింది. పొగలోంచి పల్లకీ అంత రెక్కలతో నల్లటి రాబందు ఒకటి లేచి, భటుల తలల మీదుగా దూకి, చివరి జాడీని రెండు కాళ్ళతో మెత్తగా, గుడ్డును పట్టుకున్నట్టు పట్టుకుని గాల్లోకి లేచింది. పగలగొట్టే భార్య ఇవాళ దొరక్కపోతే రేపు దొరుకుతుంది. ప్రసన్నసేనుడికి భార్యలకేం తక్కువ?

శుక్తిమతి ఆలోచించలేదు. రేవులో కదిలిపోయే పడవ తాడును అందుకోవడానికి దూకినట్టు దూకి, జాడీ మెడ చుట్టూ చేతులు పెనవేసింది. నేల దూరంగా కిందికి జారిపోయింది. రాణివాసపు కప్పులు, గవ్వమ్మ ఎత్తిన చేతులు, నోళ్ళు తెరిచిన రాయబారులు, అన్నీ చిన్నవైపోయాయి. కింద నది తళతళలాడుతోంది.

రాబందు మెడ వంచి, నిప్పుకణికల్లాంటి కళ్ళతో ఆమెను చూసి, ముక్కు ఎత్తింది. అక్కడే దానికి చిక్కొచ్చింది. రాజుగారి రూపంలో ఉన్నంతసేపూ అది తొడుగు, తొడుగుకు ఘాటు తెలియదు. ఇప్పుడు రూపం మారినా ముక్కు మాత్రం తనది. శుక్తిమతి చీర కుచ్చిళ్ళ దగ్గర్నుంచి కొప్పు దాకా టేకుచేప రసంలో తడిసి ఉంది. పొడవడానికని రాబందు తలను బాగా దగ్గరకు తెచ్చి, గుండెలనిండా ఊపిరి పీల్చింది.

దాని కళ్ళు తిరిగాయి. రెక్కలు తడబడ్డాయి. మేఘం ఉరిమినట్టు ఒక్క తుమ్ము తుమ్మింది. తుమ్మేటప్పుడు గోళ్ళు బిగించి ఉంచడం ఏ పక్షి వల్లా కాదు.

జాడీ, జాడీతో పాటు శుక్తిమతి, గిరగిరా తిరుగుతూ వెళ్ళి నడినదిలో పడ్డారు. మంచునీళ్ళు ఎముకల్ని కొరికాయి. అయినా నీళ్ళు ఆమెకు పుట్టిల్లే. ఒక్క మునక వేసి తేలి, జాడీని వాటంగా పట్టుకుని, దాని మీదికి ఎగబాకి, కాళ్ళనే చుక్కానిగా తిప్పుతూ ప్రవాహానికి అడ్డం కాకుండా సర్దుకుంది. ఖాళీ జాడీ హాయిగా తేలింది. పైన రాబందు తుమ్ముతూ వలయాలు కొడుతోంది. అది తేరుకునేలోగా మలుపు దాటేయాలి. నది సముద్రానికి పోతుంది, సముద్రం మొదట్లో శంఖతీరం ఉంది. అక్కడ మంత్రం విప్పే ముసలమ్మలు ఉన్నారు. అక్కడికి చేరితే చాలు.

మూతలోంచి గొంతు వినిపించింది. "దేవీ, బతికే ఉన్నామా?"

"ప్రస్తుతానికి."

 తర్వాత ఆ గొంతు మొహమాటంగా అడిగింది. "ఆ దొంగకు మీ అందరి పేర్లూ వచ్చట కదా."

"వచ్చు ప్రభూ. తేనెలూరేట్టు పిలిచాడు."

"నాకు సిగ్గుగా ఉంది," అంది జాడీ. "నీ పేరేమిటి?"

"శుక్తిమతి."

"శుక్తిమతి," అన్నాడాయన నెమ్మదిగా, కొత్త ముద్ద నోట్లో పెట్టుకున్నవాడిలా. "శుక్తిమతి." కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. ఒక్కసారి చాలు, అయినా రెండోసారి అన్నాడు.

శుక్తిమతి కళ్ళలోంచి జలజలా నీళ్ళు రాలాయి. ఒంటికి అంటిన చేపరసాన్ని నది ఎప్పుడో కడిగేసింది.

నీటి వేగం పెరిగింది. మలుపు అవతలి నుంచి, వంద నగారాలు ఒక్కసారిగా మోగుతున్నట్టు ఏదో వినిపించసాగింది. గాలిలో తుంపర లేచి ఆమె ముఖాన కొట్టింది.

"శుక్తిమతీ," అంది జాడీ, ఈసారి తడుముకోకుండా. "ఏమిటా హోరు?"

"జలపాతం ప్రభూ," అని ఆమె మూతను రెండు చేతులా గట్టిగా బిగించి, కళ్ళు మూసుకుంది.